పది దాటాక అడిగేదెవరు?

పోయిన ఏడాది నవంబర్‌లో ఒక రాత్రి నేను ఫోన్‌లో 112 అని నొక్కి, కాల్ చెయ్యకుండానే పక్కన పెట్టేశాను. అప్పటి నుంచి ఈ విషయం మన గోడ పత్రికకి రాయాలనుకుంటున్నాను. రాయడానికి ఇంత ఆలస్యం ఎందుకైందో కూడా ఇందులోనే చెప్తాను.

మా అవ్వకి గుండెకు స్టెంట్ వేసి అప్పటికి పది రోజులు. డాక్టర్ గారు మందులతో పాటు నిద్ర బాగా పోవాలని చెప్పి పంపించారు. మా వీధి చివర రాజ్యోత్సవం ఆర్కెస్ట్రా పెట్టారు. నవంబర్ నెలంతా బెంగళూరులో ఏదో ఒక వీధిలో ఇది ఉంటుందని మీ అందరికీ తెలుసు. స్టేజి, షామియానా, జెనరేటర్, మనిషి ఎత్తుకి పేర్చిన బాక్సులు. పాటలు బాగానే పాడారు, అబద్ధం ఎందుకు. పదయింది, పదిన్నరయింది, పదకొండయింది. కిటికీ అద్దాలు అదురుతూనే ఉన్నాయి. అవ్వ పడుకునే అడిగింది, "పాట సరేలే గానీ, ఆ డోలు నా గుండెల్లో కొడుతోందేమే?" అని.

నేను ఫోన్ తీశాను. నాన్న వద్దన్నాడు. "వద్దులే తల్లీ. మన ఇంట్లో తెలుగు మాట్లాడతామని వీధిలో అందరికీ తెలుసు. రాజ్యోత్సవం మీద మనం కంప్లైంట్ ఇచ్చామంటే అది సౌండ్ గురించి అని ఎవరూ అనుకోరు." అమ్మది తుమకూరు, కన్నడం ఆమె భాష. ఆమెకి కోపం వచ్చింది. "పండగ నాది కూడా. నాకు పండగా కావాలి, నిద్రా కావాలి" అంది. కానీ ఆమె కూడా ఫోన్ చెయ్యలేదు. మా వీధిలో ఏ ఇంట్లో జబ్బు మనిషి ఉందో అందరికీ తెలుసు. ఎవరు ఫోన్ చేశారో కనుక్కోవడానికి పోలీసులు పేరు చెప్పక్కర్లేదు. పదకొండున్నర దాటాక ఆగింది. అవ్వకి ఏమీ కాలేదు, దేవుడి దయ. నాకు మాత్రం మనసులో మిగిలిపోయింది.

తరువాత లైబ్రరీలో కూర్చుని అసలు రూల్ ఏమిటో చదివాను. చదివాక ఆశ్చర్యపోయాను, ఎందుకంటే రూల్ చాలా స్పష్టంగా ఉంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 2000లో శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు వచ్చాయి. ఊరిని నాలుగు రకాల ప్రాంతాలుగా విడదీసి, ఒక్కో ప్రాంతానికి పగటికి ఒక అంకె, రాత్రికి ఒక అంకె పెట్టారు. ఫ్యాక్టరీల ప్రాంతంలో 75, 70 డెసిబెల్‌లు. దుకాణాల ప్రాంతంలో 65, 55. ఇళ్ళ మధ్య 55, 45. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ నిశ్శబ్ద ప్రాంతంలో 50, 40. పగలంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. మిగతాది రాత్రి.

ఈ అంకెలు ఎంత తక్కువో చెప్తాను. మనం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటేనే 60 డెసిబెల్‌ల దగ్గర ఉంటుంది. పది డెసిబెల్‌లు పెరిగితే ఏదో కొంచెం పెరిగినట్టు కాదు, శబ్దంలో శక్తి పది రెట్లు అవుతుంది, మన చెవికి దాదాపు రెండింతలు వినిపిస్తుంది. ఆ రాత్రి నేను ఫోన్‌లో ఆప్ పెట్టి చూస్తే మా వరండాలో 80 దాటింది. ఆప్ లెక్క ఎక్కడా సాక్ష్యానికి నిలబడదని తెలుసు. కానీ 45కీ 80కీ తేడా ఆప్ తప్పుల వల్ల వచ్చేది కాదు.

మైకుల గురించి విడిగా ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట అసలే పెట్టకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ రాష్ట్ర ప్రభుత్వం రాత్రి 12 దాకా సడలింపు ఇవ్వచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకి మించకుండా. అంటే చట్టం పండగ వద్దనలేదు. పండగకి చోటు పెట్టి, ఆ చోటుకి గోడ కట్టింది.

ఫిర్యాదు గురించి నాకు అన్నిటికంటే ఉపయోగపడిన సంగతి ఇది. పగటి పూట అయితే పరిమితి కంటే 10 డెసిబెల్‌లు ఎక్కువ ఉంటే ఫిర్యాదు చెయ్యచ్చు అని రాసి ఉంది. మన చేతిలో మీటర్ ఎక్కడుంటుంది? కానీ 2010 సవరణ తరువాత, రాత్రి పూట నిషేధాన్ని ఎవరైనా దాటితే అదే ఫిర్యాదుకి చాలు. పది దాటాక మీటర్ అక్కర్లేదు, గోడ గడియారం చాలు. ఆ సవరణలోనే ఇళ్ళ మధ్య రాత్రి పూట హారన్ కొట్టకూడదని, చప్పుడు చేసే కట్టడం మిషన్లు నడపకూడదని కూడా ఉంది.

ఇంత బాగా రాసిన రూల్ మా వీధికి ఎందుకు రాలేదు? నా అభిప్రాయం ఇది: రూల్‌లో లోపం లేదు. దాన్ని కదిలించే మొదటి పని మనం ఎవరి మీద పెట్టాం అన్నదే లోపం. ఎవరో ఒకరు అడిగితే తప్ప రూల్ నిద్ర లేవదు. అడగాల్సినవాళ్ళు ఎవరు? జబ్బు మనిషి ఉన్న ఇల్లు, పరీక్షలున్న పిల్ల, అద్దెకున్న కుటుంబం, వేరే భాష మాట్లాడే ఇల్లు, ఒంటరిగా పీజీలో ఉండే అమ్మాయి. పిల్లి మెళ్ళో గంట కట్టమని ఊరంతా చేరి ఎలుక పిల్లకి చెప్పినట్టుంది. పొద్దున్న లేస్తే అదే వీధిలో నడవాలి, అదే అంగడిలో పాలు తెచ్చుకోవాలి. అందుకే అందరూ నాన్నలాగే లెక్క వేస్తారు. ఆ లెక్క పిరికితనం కాదు. పోయిన ఏడాది నేను అలాగే అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు.

మీటర్లు లేవా అంటే ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో మొదలుపెట్టిన నెట్‌వర్క్ కింద ఏడు నగరాల్లో 70 చోట్ల శబ్దాన్ని కొలుస్తున్నారు. బెంగళూరులో పది చోట్ల ఉన్నాయి: పీణ్య, వైట్‌ఫీల్డ్, బీటీఎం లేఔట్, దొమ్మలూరు, నిమ్హాన్స్ వాటిలో కొన్ని. కానీ అవి ఊరి జ్వరం చూసే థర్మామీటర్లు. రాసుకుంటాయి, ఆపవు. మా వీధి చివర బాక్సుల దగ్గరికి అవి రావు.

ఇది నిద్రకి సంబంధించిన చిన్న విషయం అని మీలో కొందరు అనుకోవచ్చు. 2005 జూలై 18న సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం మీద పెద్ద తీర్పు ఇచ్చింది. ఆ కేసు ఎలా మొదలైందో చదివినప్పుడు నేను పుస్తకం కాసేపు మూసేశాను. 1998 జనవరిలో పత్రికల్లో వచ్చిన ఒక వార్త. 13 ఏళ్ళ అమ్మాయి మీద అత్యాచారం జరుగుతుంటే, ఆమె కేకలు పక్కన మోగుతున్న లౌడ్‌స్పీకర్ పాటల్లో ఎవరికీ వినపడలేదు. ఆ సాయంత్రమే ఆమె ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. అది చదివి ఒక ఇంజనీర్ కోర్టుకి వెళ్ళాడు. మాట్లాడే హక్కు అందరికీ ఉంది గానీ, వినడం ఇష్టం లేని మనిషి చెవిలోకి మైకుతో తోసే హక్కు ఎవరికీ లేదని కోర్టు చెప్పింది. ప్రశాంతంగా బతకడం కూడా బతికే హక్కులో భాగమే అంది. ఆడపిల్లల కాలేజీలో చదువుకుంటున్న మనం ఆ కేసు మొదలు తెలుసుకుని ఉండాలి. సహాయం అడిగే గొంతు పక్కింటికి వినపడేంత ఖాళీ ఊళ్ళో ఉండాలి.

దీనికి ఎదురుగా చెప్పే మాటలు నాకు తెలుసు. మొదటిది, ఇది ఒక మతం మీదికో ఒక భాష మీదికో పోతుందని. ఆ భయం నిజమే. 2022లో మన రాష్ట్రంలో లౌడ్‌స్పీకర్ల గొడవ వచ్చినప్పుడు ఎవరి మైకు పెద్దది అన్న వాదమే మిగిలింది, ఎవరి నిద్ర పోతోందన్న మాట వెనక్కి పోయింది. ఆ మే నెలలో ప్రభుత్వం మైకులు పెట్టేవాళ్ళందరూ రాతపూర్వక అనుమతి తీసుకోవాలని ఉత్తర్వు ఇచ్చింది. అందరికీ ఒకే కాగితం, ఒకే గడియారం అయితేనే ఈ రూల్‌కి మర్యాద. గుడికి, మసీదుకి, చర్చికి, పబ్బుకి, పార్టీ మీటింగ్‌కి, మన కాలేజీకి కూడా.

రెండోది, బెంగళూరుని మూగ ఊరు చేస్తారా అని. నాకు కరగ అంటే ఇష్టం. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరి పాత పేట వీధులన్నీ తిరుగుతుంది, మస్తాన్ సాబ్ దర్గాకి కూడా వెళ్ళి వస్తుంది. ఆ రాత్రి ఆ పేటలో ఎవరూ పడుకోరు. కానీ అది ఏ రోజు వస్తుందో అందరికీ ముందే తెలుసు, వచ్చి దాటిపోతుంది. నెలలో మూడు సార్లు మన కిటికీ కింద నిలబడి, ఎప్పుడు ఆగుతుందో చెప్పని బాక్సులకి ఆ మర్యాద ఎందుకివ్వాలి?

ఇప్పుడు రాయడం ఎందుకు ఆలస్యమైందో చెప్తాను. ఫిబ్రవరిలో మన ఫెస్టు జరిగింది. నేను గేటు దగ్గర వాలంటీర్‌ని. సాయంత్రం ఏడున్నరకి కాంపౌండ్ వెనకింటాయన వచ్చారు. ఇంట్లో నెల బిడ్డ ఉంది, కొంచెం తగ్గించమని అడిగారు. నేనేమన్నానో తెలుసా? "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్, వర్షక్కె ఒందే దిన." కొంచెం సర్దుకోండి, ఏడాదికి ఒక్క రోజే కదా అని. పక్కనున్న మా ఫ్రెండ్స్ నవ్వారు. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. మూడు నెలల ముందు ఫోన్ చెయ్యలేక ఏడ్చినది నేనే, ఆయనకి సర్దుకోమన్నదీ నేనే. మైకు మన చేతిలో ఉంటే అందరం ఒకటే అని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి వైర్లు చుట్టుకుంటున్న సౌండ్ అన్నని అడిగాను, ఎంత పెట్టాలో మీకు ఎవరు చెప్తారు అని. "ఎవరూ చెప్పరు మేడమ్. పెంచమని మాత్రం పదిమంది వచ్చి చెప్తారు. పర్మిషన్ కాగితం ఉంటుందంటారు, నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. నాకు దారి అక్కడే కనిపించింది. కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటే లాభం లేదు. స్టేజి ముందు వీధిలో అందరికీ కనపడేలా అంటించాలి: ఎన్ని గంటల దాకా, ఎంత సౌండ్, బాధ్యత ఎవరిది, ఏ నంబర్‌కి చెప్పాలి. మైకు అనుమతి ఇచ్చేటప్పుడే ఈ షరతు పెట్టచ్చు. అనుమతి ఇచ్చినవాళ్ళకి ఎక్కడ ఏ రోజు కార్యక్రమం ఉందో ముందే తెలుసు కాబట్టి, పదింటికి ఒక బండి దానంతట అదే వచ్చి చూసి వెళ్ళచ్చు. అప్పుడు "ఎవరు కంప్లైంట్ ఇచ్చారు?" అనే ప్రశ్నే ఉండదు. మా అవ్వ పేరు ఎవరూ వెతకరు.

ఊరు ఎప్పుడు చేస్తుందో గానీ, మనం ఈ ఫిబ్రవరికే చెయ్యచ్చు. స్టూడెంట్ కౌన్సిల్‌కి, మా మేడమ్స్‌కి నా విన్నపం మూడు మాటల్లో. బాక్సులు వెనక ఇళ్ళ వైపు కాకుండా గ్రౌండ్ లోపలికి తిప్పి పెట్టిద్దాం. అనుమతి కాగితం నకలు గేటు మీదా, సౌండ్ అన్న మిక్సర్ మీదా అంటిద్దాం. వారం ముందు మనలో నలుగురం చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి, ఏ రోజు, ఎన్ని గంటలకి ఆపుతామో చెప్పి, ఒక ఫోన్ నంబర్ ఇచ్చి వద్దాం. ఆ ఫోన్ ఎత్తే పని నేను చేస్తాను. వెనకింటికి మాత్రం నేనే వెళ్ళాలి. ఆ బిడ్డకి అప్పటికి ఏడాది దాటుతుంది.