మానిటర్ వెనక ఖాళీగా ఉన్న ఆ చదరపు సాకెట్

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్ రివ్యూ రోజు. మా బ్యాచ్ పీపీటీ పెన్ డ్రైవ్‌లో ఉంది. ల్యాబ్ సిస్టమ్ క్యాబినెట్ ముందున్న రెండు పోర్టుల్లో ఒకటి విరిగిపోయింది, ఇంకోటి లూజు. "మానిటర్ పక్కన పోర్టులున్నాయి కదా, అక్కడ పెట్టు" అన్నాడొకడు. పెట్టాం. ఏమీ రాలేదు. తీశాం, ఊదాం, మళ్ళీ పెట్టాం. "డెడ్ పోర్టురా ఇది" అని తేల్చేశాం. మెయిల్లో ఉన్న పాత పీపీటీతో ఎలాగో గట్టెక్కాం. కొత్త రిజల్ట్స్ చూపించలేకపోయాం, మార్కులూ అలాగే వచ్చాయి.

ఆ గొడవలో, డిప్లొమా చేసి లాటరల్ ఎంట్రీలో వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకడు మెల్లగా అడిగాడు: "దీనికి సీపీయూ నుంచి ఇంకో వైరు రావాలేమో కదా?" మేం నవ్వాం. "హెచ్‌డీఎంఐ పెట్టే ఉంది కదరా, బొమ్మ రావట్లేదా?" అన్నాం. వాడు మళ్ళీ మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేంటంటే, అక్కడున్న అందరిలో కరెక్టుగా చెప్పింది వాడొక్కడే.

హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మని, సౌండ్‌ని మోస్తుంది. డిస్‌ప్లే పోర్ట్ కేబులూ అంతే. యూఎస్‌బీ డేటా వాటిలో వెళ్ళదు. మానిటర్‌లో ఉన్నది ఒక యూఎస్‌బీ హబ్ మాత్రమే. దాన్ని కంప్యూటర్‌తో కలపడానికి వేరే కేబుల్ ఉంటుంది. ఒక చివర మనకి తెలిసిన మామూలు యూఎస్‌బీ, అది సీపీయూ వెనక పోర్టులోకి. రెండో చివర చదరంగా, ప్రింటర్ కేబుల్‌కి ఉన్నట్టు ఉంటుంది, అది మానిటర్‌లోకి. పెద్ద కాలువకి తూము తియ్యకుండా పిల్లకాలువలో నీళ్ళు రావట్లేదంటే తప్పెవరిది? మనం "డెడ్" అన్న పోర్టు నిజానికి నీళ్ళకోసం చూస్తున్న పిల్లకాలువ.

టైప్-సీ ఉన్న కొత్త మానిటర్లలో బొమ్మ, డేటా ఒకే కేబుల్‌లో వెళ్ళొచ్చు. కానీ కంప్యూటర్ వైపు టైప్-సీ పోర్టు కూడా వీడియో పంపగలిగేదై ఉండాలి. మా ల్యాబ్ డెస్క్‌టాపులకి ఆ యోగం లేదు. మాకు ఆ చదరపు కేబులే దిక్కు.

అలాగని అన్నీ తెచ్చి మానిటర్‌కే తగిలించమని నేను చెప్పను. అక్కడ ఎన్ని పోర్టులున్నా సీపీయూకి వెళ్ళే దారి ఒక్కటే, అన్నీ దాన్నే పంచుకోవాలి. యూఎస్‌బీ 2.0 అయితే ఆ దారి వేగం సెకనుకి 480 మెగాబిట్లు, 3.0 అయితే 5 గిగాబిట్లు. 3.0 మానిటర్‌కి పాత ప్రింటర్ కేబుల్ పెడితే పని చేస్తుంది, కానీ 2.0 వేగంతోనే. కీబోర్డు, మౌస్, పెన్ డ్రైవ్‌లకి ఇది చాలు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నుంచి పెద్ద డేటాసెట్ కాపీ చెయ్యాలంటే మాత్రం సీపీయూ వెనకే పెట్టండి. ఇంకో మాట. కొన్ని మానిటర్లు స్లీప్‌లోకి వెళ్తే పోర్టులకి కరెంటు ఆపేస్తాయి. కాబట్టి కాపీ అవుతుండగా మానిటర్ ఆఫ్ చెయ్యకండి.

ఇక నా అభిప్రాయం. ల్యాబుల్లో ఈ కేబుల్ ప్రతి సిస్టమ్‌కీ పెట్టి తీరాలి. పెన్ డ్రైవ్ కోసం బల్లకింద దూరి, చీకట్లో తడుముకుని, ఉన్న పోర్టుల్ని విరగ్గొట్టేది మనమే. కళ్ళెదురుగా పోర్టు ఉంటే ఆ బాధ సగం తగ్గుతుంది. "పెన్ డ్రైవ్‌లు పెడితే వైరస్ వస్తుంది" అంటారు. నిజమే, భయం సబబే. కానీ క్యాబినెట్ పోర్టులు తెరిచే ఉన్నాయి కదా! ఆపాలనుకుంటే సెట్టింగుల్లో ఆపాలి. కేబుల్ దాచేస్తే వైరస్ ఆగదు, మన పని ఆగుతుంది.

కొత్త కేబుళ్ళు కొనాలేమో అనుకున్నాం. ల్యాబ్ అసిస్టెంట్ సార్‌ని అడిగితే స్టోర్ రూమ్‌లో ఒక అట్టపెట్టె చూపించారు. మానిటర్లతో పాటే వచ్చిన కేబుళ్ళు, కట్టిన కట్టు కూడా విప్పకుండా అందులోనే ఉన్నాయి. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

మనం హబ్ అంటే ఏంటో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. అయినా మానిటర్ వెనక్కి వంగి చూడాలని ఒక్కరికీ తోచలేదు. తోచినవాడు అడిగితే నవ్వాం. నాకు ఎక్కువ సిగ్గనిపించింది అక్కడే. తెలియకపోవడం తప్పు కాదు. అడిగినవాడి నోరు మూయించడం తప్పు. ఆ నవ్వుకి భయపడి ఎంతమంది ఎన్ని మంచి ప్రశ్నలు మింగేస్తున్నారో!

మొదటి కేబుల్ వాడి చేతే పెట్టించాం. పెన్ డ్రైవ్ వెంటనే కనిపించింది. అందరం "సూపర్ రా" అన్నాం గానీ, ఆ రోజు నవ్వినందుకు సారీ మాత్రం ఎవరం చెప్పలేదు. వాడు ఈ పత్రిక ప్రతి సంచికా చదువుతాడు. అందుకే ఇక్కడ చెప్తున్నా: సారీ రా. నెక్స్ట్ టైమ్ డౌట్ వస్తే కాస్త గట్టిగానే అడుగు.