పదును పోయాక ట్రాక్టరొస్తే ఏం లాభం?

తొలకరి పడి నేల పదునెక్కింది. ట్రాక్టరేమో డీలరు షెడ్డులో ఉంది. అడిగితే "రేపు రండి" అంటారు. రేపు పోతే "సామాను రాలేదు" అంటారు. పదును ఎవరి కోసమూ ఆగదు కదా!

కిందటేడు నాకూ ఇదే అనుభవం. క్లచ్చి ప్లేటు మార్చామని బిల్లు వేశారు. పాత ప్లేటు చూపమంటే పారేశామన్నారు. చేతిలో కాగితం లేక నోరు మూసుకొని వచ్చాను.

వాళ్ల తప్పు ఎంతున్నా, మన అశ్రద్ధా ఉంది. బండి అప్పగించేటప్పుడే జాబ్ కార్డు రాయించుకోండి. మీటరులో గంటలు, చేయాల్సిన పని, ఖర్చు అంచనా, తిరిగిచ్చే తేదీ అందులో ఉండాలి. డబ్బు కట్టి మార్పించిన పాత సామాను అడిగి తెచ్చుకోండి. బిల్లు లేకుండా పైసా ఇవ్వొద్దు.

అయినా న్యాయం జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షలు దాటకపోతే రుసుము కూడా లేదు.

మంచివాళ్లూ లేకపోలేదు. మా పక్క మండలంలో ఓ డీలరు దుక్కుల రోజుల్లో మెకానిక్కును పొలానికే పంపుతాడు. పాత సామాను గోనెసంచిలో వేసి ఇస్తాడు. అలాంటివాళ్ల గురించి రచ్చబండ దగ్గర పదిమందికీ చెప్పండి. మంచి పనికి గిరాకీ పెరిగితేనే మిగతావాళ్లు దారికొస్తారు.