మనుషుల నొప్పి మాత్రలు పశువులకు వేస్తే తప్పెవరిది?

పోయిన నెల మండల కమిటీ సమావేశం ముగిశాక టీ తాగుతున్నప్పుడు మన సభ్యుడొకరు చెప్పిన సంగతి ఇది. ఆయనకు నలభై గొర్రెలు, వాటికి కాపలాగా ఏడేళ్లుగా ఒక కుక్క. ముల్లు దిగి కాలు వాచి కుక్క కుంటుతుంటే చూడలేక, తన మోకాళ్ల నొప్పులకు తెచ్చుకున్న మాత్రలు అన్నంలో కలిపి పూటకొకటి పెట్టాడు. రెండో రోజుకు కుంటు తగ్గింది. మందు పనిచేసిందనుకున్నాడు. నాలుగో రోజు కుక్క అన్నం ముట్టలేదు. తారులాగా నల్లటి విరేచనం, నెత్తురు కలిసిన వాంతి. పశువైద్యశాలకు మోసుకుపోయేసరికి ఆలస్యమైపోయింది. "నా చేత్తో నేనే పెట్టాను" అన్నాడాయన. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కరం బయటపడ్డాం. జ్వరమొచ్చిన గేదెకు పారాసిటమాల్ మాత్రలు బెల్లంలో కలిపి పెట్టినవారున్నారు. పిల్లికి సగం మాత్ర పాలల్లో కలిపి తాపినవారున్నారు. దుక్కి రోజుల్లో ఎద్దు కుంటితే మందుల షాపులో మనుషుల ఇంజెక్షన్ కొని, సూది వేయడం వచ్చిన కుర్రాడితో వేయించినవారున్నారు. ఈ విషయంలో ఎవరినో వేలెత్తి చూపే హక్కు మనకు లేదు. చేసింది మనమే. అయితే ఎందుకు చేయాల్సి వచ్చిందో కూడా చెప్పుకోవాలి.

ముందు మందు సంగతి. మన ఒంట్లో కాలేయం పారాసిటమాల్‌ను విరిచి బయటకు పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలా తక్కువ. మూడు కిలోల పిల్లికి ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు ప్రాణం తీయడానికి. ఆ మందు నెత్తుటిని పాడుచేస్తుంది, ప్రాణవాయువు అందదు. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, రొప్పు వస్తుంది. కుక్క పారాసిటమాల్‌ను పిల్లికంటే కాస్త ఎక్కువ తట్టుకుంటుంది గానీ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి దాని కడుపులో పుండ్లు పెడతాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పైగా మనం కొనే నొప్పి మాత్రల్లో చాలావాటిలో ఒకటి కాదు, రెండు మందులు కలిపి ఉంటాయి. అరవై కిలోల మనిషికి చేసిన మాత్రను పదిహేను కిలోల కుక్కకు పెడుతున్నామన్న లెక్క ఆ ఆదుర్దాలో ఎవరికీ తట్టదు.

పశువు పెద్దది కదా, తట్టుకుంటుంది అంటారు కొందరు. నిజమే, గేదె ఒక మాత్రతో పడిపోదు. అక్కడ ముప్పు వేరే దారిలో వస్తుంది. గొంతువాపు వచ్చిన గేదెకు మొదటి గంటల్లోనే సరైన ఇంజెక్షన్ పడాలి. జ్వరం మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామనుకుంటే తెల్లారేసరికి గేదె ఉండదు. పొదుగువాపులో నొప్పి తగ్గి గేదె పాలు పిండనిస్తుంది, లోపల పొదుగు మాత్రం చెడిపోతూనే ఉంటుంది. మేతతో పాటు మేకో తీగ ముక్కో మింగిన ఆవు మేత మానేసి, అడుగు వేయడానికి జంకుతుంది. ఆ జంకే డాక్టరుకు జబ్బు ఆచూకీ. నొప్పి మందు ఆ ఆచూకీని కప్పేస్తుంది. మేత, నీళ్లు మానేసి ఒళ్లు ఎండిన పశువుకు ఈ మందులు మూత్రపిండాల మీద మరింత భారం. నొప్పి ఇంజెక్షన్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిపి వేసేవాళ్లు ఊళ్లలో తిరుగుతున్నారు. ఆ రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మందు వేసిన పశువు పాలు ఎన్ని రోజులు వాడకూడదో చెప్పేవారుండరు, ఆ పాలే కేంద్రానికి వెళ్తాయి, మన పిల్లలూ తాగుతారు.

డైక్లోఫెనాక్ చేసిన నష్టం ఇంకా పెద్దది. ఆ మందు వేశాక చచ్చిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి రోజుల్లోనే చనిపోయాయి. తెల్లవీపు రాబందులు మన దేశంలో 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. కారణం 2004లో తేలింది. 2006లో ప్రభుత్వం పశువుల డైక్లోఫెనాక్ తయారీని ఆపించింది. అప్పుడేం జరిగింది? మనుషుల కోసమని 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు కొట్లలోకి వచ్చాయి. మనిషికి ఒక మోతాదు 3 మిల్లీలీటర్లు. పెద్ద సీసా పోయేది ఎక్కువగా కొట్టంలోకే. 2015లో ఆ పెద్ద సీసాలనూ నిషేధించారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను పశువులకు వాడొద్దన్నారు, 2024 చివర నిమెసులైడ్‌ను కూడా. వెనకటి రోజుల్లో ఊరి బయట కళేబరం పడితే రాబందులు గంటల్లో శుభ్రం చేసేవి. ఇప్పుడు అది కుళ్లి కంపు కొడుతుంది, వీధికుక్కలు పోగవుతాయి. కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద 2013లో రాబందులు కనిపిస్తే అదొక వార్తయింది. ఒకప్పుడు ప్రతి ఊళ్లో ఉన్న పక్షి అది.

ఇన్ని నిషేధాలూ గెజిట్‌లో ఉన్నాయి. మనుషుల డైక్లోఫెనాక్ పెట్టె మీద పశువులకు వాడరాదని అచ్చు వేయాలన్న నిబంధన కూడా ఉంది. అయితే ఆ అక్షరాలు చీమ తలకాయంత, అదీ ఇంగ్లీషులో. గొర్రెల కాపరి దాన్ని చదువుకుని జాగ్రత్త పడాలట!

అసలు మాటకు వద్దాం. రాత్రి ఎనిమిది గంటలకు గేదె ఈనలేక మూలుగుతుంటే రైతు ఎవరి దగ్గరికి పోవాలి? 5,000 పశువులకు ఒక వైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. మన మండలాల్లో ఎన్ని వైద్యశాలలకు తాళం ఉంటుందో, ఎన్నిటిని అటెండరే నడుపుతున్నాడో మనకు తెలుసు. 1962 నంబరుకు ఫోన్ చేస్తే బండి వస్తుంది, వచ్చిన చోట మేలే జరిగింది. కానీ ఒక్క బండి ఎన్ని ఊళ్లకని తిరుగుతుంది? డాక్టరు దొరకనప్పుడు మందుల షాపు దొరుకుతుంది, అదీ తేడా. ఎనభై వేల గేదె కళ్ల ముందు కూలిపోతుంటే చేతికందిన మాత్ర వేసిన రైతును మూర్ఖుడంటే మేం ఒప్పుకోం.

అలాగని వేస్తూ పోదామా? వద్దు. మెలాక్సికం అనే మందు ఉంది. పశువుల నొప్పికి, జ్వరానికి పనిచేస్తుంది, రాబందులకు హాని లేదని పరీక్షల్లో తేలింది, ధర కూడా ఎక్కువ కాదు. అదైనా డాక్టరు చెప్పిన మోతాదులోనే వాడాలి, పిల్లికీ కుక్కకీ మరీ ముఖ్యంగా. ఈ మందు ప్రతి గ్రామ పశువైద్య ఉపకేంద్రంలో ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఖాళీ పోస్టులు నింపాలి. 1962 బండ్లు పెంచి రాత్రిపూట కూడా నడపాలి. చీటీ లేకుండా పశువులకని మనుషుల ఇంజెక్షన్లు అమ్మే షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు దాడులు చేయాలి. పెట్టె మీద హెచ్చరిక తెలుగులో, కంటికి కనిపించేంత పెద్దగా ఉండాలి.

ఇప్పటికే ఎవరైనా కుక్కకో పిల్లికో మాత్ర పెట్టి ఉంటే జబ్బు లక్షణాలు కనిపించేదాకా ఆగకండి. ఉప్పునీళ్లు తాపి కక్కించే ప్రయత్నం చేయొద్దు, దానివల్ల ఇంకో ప్రమాదం. ఏ మాత్ర, ఎన్ని, ఎన్ని గంటలకు పెట్టారో గుర్తుంచుకుని, ఖాళీ అట్టను జేబులో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. పారాసిటమాల్‌కు విరుగుడు ఉంది, త్వరగా పడితేనే పనిచేస్తుంది. మాత్ర పెట్టామని చెప్పడానికి సిగ్గుపడి దాచినవాళ్లను చూశాం. దాస్తే పోయేది ఆ మూగజీవి ప్రాణమే.

పైన చెప్పిన కోరికలతో వినతిపత్రం సిద్ధమవుతోంది. మీ ఊరి వైద్యశాలలో డాక్టరు ఎన్నాళ్లుగా లేరో, చివరిసారి మందులు ఎప్పుడు వచ్చాయో రాసి వచ్చే సమావేశానికి తీసుకురండి. ఊరి పేరుతో సహా జత చేస్తాం.