ఏ యుద్ధ సినిమా చూడాలి? ముందు మూటలు మోసినోళ్లెవరో అడగండి

ఆగస్టు 15 దగ్గరికొస్తే చాలు, మన హిందూపురం హాస్టల్ గ్రూపులో ఎవరో ఒక తమ్ముడు అడుగుతాడు: "అన్నా, మంచి వార్ సినిమాలుంటే చెప్పండి." గంట తిరక్కుండానే లిస్టు వచ్చేస్తుంది. బోర్డర్, ఉరి, షేర్షా, మేజర్, సేవింగ్ ప్రైవేట్ ర్యాన్. పోయినేడు ఇదే లిస్టు, అంతకు ముందేడూ ఇదే. ధర్మవరంలో డిగ్రీ చదివేటప్పుడు నేనూ ఇవే చూసినా, ఈలలు వేసినా. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

అయితే 2025 మే నెల తర్వాత ఆ లిస్టు చూస్తే నాకు గొంతులో ఏదో అడ్డం పడుతోంది.

మీకు గుర్తుండే ఉంటుంది. ఆపరేషన్ సిందూర్ సమయంలో జమ్మూ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు ఒక అగ్నివీర్ చనిపోయినాడు. పేరు మురళీనాయక్. ఊరు మన గోరంట్ల మండలం కల్లితండా. పెనుకొండ నుంచి ఎంతో దూరం లేదు. ఆ రోజు తండాకు మంత్రులొచ్చినారు, కెమెరాలొచ్చినాయి, జెండాలొచ్చినాయి. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. మంచిదే. కాదనడం లేదు.

నా బాధ వేరే. ఒక తండా పిల్లోడు యుద్ధంలో చనిపోతేనే ఈ దేశానికి తండా దారి తెలిసింది. బతికున్న తండా ఏ తెరమీదా కనపడదు. మనం చూసే యుద్ధ సినిమాల్లో మన మొహం ఉన్న సైనికుడు ఎక్కడున్నాడో చెప్పండి. 1971 యుద్ధంలో గంగాసాగర్ దగ్గర పోరాడి పరమవీర చక్ర పొందిన ఆల్బర్ట్ ఎక్కా ఒక ఆదివాసీ, జార్ఖండ్ ఒరావ్ బిడ్డ. నేను చూసిన యుద్ధ సినిమాల్లో ఒక్కదాంట్లోనూ ఆయన లేడు. మీరు చూసినవాటిలో ఉన్నాడా?

ఇది కొత్త కథ కాదు. పెనుకొండ కోట ఎక్కి సెల్ఫీలు దిగుతాం కదా. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం ఓడినాక రాజధాని ఇక్కడికే వచ్చింది. కోట గోడల మీద రాజుల కథలు చెప్పడానికి గైడ్లు ఉన్నారు. ఆ కాలపు సైన్యాలకు అన్నం ఎవరు మోసినారో చెప్పే గైడ్ నాకింతవరకు తగల్లేదు. మొగలుల దండు దక్కనుకు వచ్చినా, కుంఫిణీ దండు టిప్పు మీదికి పోయినా, ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకొని వెంట నడిచింది బంజారాలు. మనోళ్లు. 1803లో మరాఠాల మీద యుద్ధానికి పోయిన ఆర్థర్ వెల్లెస్లీ మన ఎద్దుల మందల కోసం ఎదురుచూసినోడే. ఆయనే తర్వాత డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అయి, వాటర్లూలో నెపోలియన్ను ఓడించినాడు. ఆయనకు విగ్రహాలు లేచినాయి. మనకేమొచ్చింది? 1871లో నేరస్త తెగల చట్టం వచ్చింది. నిన్నటిదాకా సైన్యానికి తిండి మోసినోళ్లను చాలా చోట్ల పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టినారు. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ పాకింది. మన పక్కన బతికే ఎరుకల అన్నదమ్ముల్ని స్టువర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో పెట్టి హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం పోయింది 1952లో. పోలీసు చూపు ఇంకా పూర్తిగా పోలేదని మీకూ తెలుసు.

అందుకే నేను యుద్ధ సినిమాను మూడు ప్రశ్నలతో చూస్తా. మూటలు మోసిందెవరు? మాట్లాడే హక్కు ఎవరికిచ్చినారు? యుద్ధం అయిపోయినాక ఎవరి ఇంట్లో ఏం మిగిలింది? ఈ మూడింటికి సమాధానం చెప్పే సినిమా ఏ భాషలో ఉన్నా మనదే. చెప్పనిది ఎన్ని కోట్లు పెట్టి తీసినా బాణాసంచానే.

ఇగ నా లిస్టు.

మొదటిది అల్లూరి సీతారామరాజు, 1974. కృష్ణ గారి నూరో సినిమా. ఇంట్లో పెద్దోళ్లు చూసే ఉంటారు, మీరు మళ్లీ చూడండి. అయితే చూసేటప్పుడు కళ్లు రాజు మీది నుంచి కాస్త పక్కకు తిప్పండి. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడింది రాజు ఒక్కడే కాదు. గాం గంటందొర, గాం మల్లుదొర, పేరు కూడా మిగలని ఎంతోమంది మన్యం బిడ్డలు. అడవి చట్టం పోడు ఆపేసింది, కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించినారు, ఆ కడుపుమంటే పితూరీ అయింది. రాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర కాల్చేసినారు, ఆ కథ అందరికీ తెలుసు. మల్లుదొర జైలు శిక్ష అనుభవించి బయటికొచ్చి 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచినాడని ఎంతమందికి తెలుసు? తిరుగుబాటు చేసిన ఆదివాసీ పార్లమెంటు మెట్లెక్కిన కథ ఇది. అది సినిమాకు పనికిరాలేదా?

రెండోది కొమురం భీం, 1990. అల్లాణి శ్రీధర్ తీసినాడు. పెద్ద స్టార్లు లేరు, గ్రాఫిక్స్ లేవు. జోడేఘాట్ గుట్టల్లో 1940లో నిజాం పోలీసుల తూటాలకు ఒరిగిన గోండు నాయకుడి కథ. అందులో భీం ఎవరికో తోడుగా రాడు. కథ ఆయనదే, కోపం ఆయనదే, మాట ఆయనదే.

ఇక్కడ ఆర్‌ఆర్‌ఆర్ గురించి చెప్పకుండా పోలేను. 2022లో వచ్చింది, పాటకు ఆస్కార్ వచ్చింది, నేనూ గర్వపడినా. అది కల్పన అని ముందే చెప్పినారు, ఒప్పుకుంటా. అయినా చివరి సీన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏం కావాలో అడుగు అంటాడు రాజు. నాకు, నా వాళ్లకు చదువు కావాలి అంటాడు భీం. అప్పుడు రాజు చేత్తో జెండా మీద మూడు మాటలు రాయిస్తారు: జల్, జంగల్, జమీన్. ఆ నినాదం ఎవరిదని మనకు చెప్పినారు? భీందని. అస్సాం తేయాకు తోటల్లో కూలి చేసి, చదవను రాయను నేర్చుకొని వచ్చినోడని మనం విన్న భీం, ఇక్కడ తన మాటే ఇంకొకరి చేత రాయించుకునే శిష్యుడు అయినాడు. కండలు మనోడికి, తెలివి పక్కోడికి. స్టెప్పులు వేసే హడావిడిలో ఈ పంపకం మనం గమనించలేదు. చూడొద్దని నేననను. కొమురం భీం చూసినాక అది చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

నాలుగోది కంచె, 2015. క్రిష్ సినిమా. రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ దాకా పోయిన తెలుగు సిపాయి కథ. బయట హిట్లర్ జాతి పిచ్చి మీద యుద్ధం, ఊర్లో కులానికీ కులానికీ మధ్య కంచె. రెండూ ఒకటేనని చెప్పే ధైర్యం చేసినందుకు చూడాలి. ఊర్లో నీళ్లు ముట్టనియ్యనోడు సరిహద్దులో ప్రాణం మాత్రం ఇవ్వమంటాడు, ఆ లెక్క ఇందులో కనిపిస్తుంది.

ఐదు, ఆరు కలిపి చెప్తా. విండ్‌టాకర్స్ 2002, ఫ్లాగ్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్ 2006. అమెరికా మూలవాసులైన నవాహో బిడ్డల్ని బడిలో సొంత భాష మాట్లాడితే శిక్షించినారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్‌కు అర్థం కాని రహస్య సంకేతం అవసరమైతే అదే భాష కావాల్సొచ్చింది. యుద్ధం గెలిచినాక కూడా అరిజోనా, న్యూమెక్సికోల్లో వాళ్లకు ఓటు హక్కు 1948 దాకా రాలేదు. విండ్‌టాకర్స్ ఈ కథ తీసుకొని హీరో సీటు మాత్రం నికోలస్ కేజ్‌కు ఇచ్చింది. ఆ తప్పు చూడడానికైనా చూడండి. అందులో నవాహో సైనికుడిగా చేసిన ఆడమ్ బీచ్ రెండో సినిమాలో ఇరా హేయిస్‌గా చేసినాడు. ఇవో జిమాలో జెండా ఎత్తిన ఫొటో చూసింటారు కదా, అందులో ఉన్న పీమా తెగ పిల్లోడు ఇరా హేయిస్. ఫొటో కోసం ఊరూరా తిప్పినారు, చప్పట్లు కొట్టినారు. 1955లో తన రిజర్వేషన్‌లో దిక్కులేని చావు చచ్చినాడు. మా బడిలో గోర్ బోలి మాట్లాడితే వెనక బెంచీ నుంచి నవ్వేవాళ్లు. ఈ సినిమాలు చూసిన రాత్రి నాకు ఆ నవ్వే గుర్తొచ్చింది.

ఏడోది కమ్ అండ్ సీ, 1985, సోవియట్ సినిమా. బెలారస్‌లో నాజీలు తగలబెట్టిన పల్లెల కథ, ఒక పిల్లోడి కళ్లతో. మనుషులతో సహా కాల్చేసిన ఊర్లు 628 అని సినిమా చివర రాస్తారు. చిన్నపిల్లలకు చూపించొద్దు. యుద్ధం కావాలని ఫోన్లో అరిచే పెద్దోళ్లకు మాత్రం తప్పకుండా చూపించండి.

చివరిది, నా లెక్కలో అన్నిటికన్నా పైది. ఫ్రెంచ్ సినిమా, పేరు ఆందిజెన్, 2006. డేస్ ఆఫ్ గ్లోరీ అని వెతికితే దొరుకుతుంది. ఆందిజెన్ అంటే మూలవాసులు అని అర్థం, వలస పాలకులు చిన్నచూపుతో పిలిచిన మాట. అల్జీరియా, మొరాకో నుంచి పోయి ఫ్రాన్స్‌ను హిట్లర్ నుంచి విడిపించడానికి పోరాడిన సైనికుల కథ. ఓడలో ఒక సీన్ ఉంది. తెల్ల సైనికులకు టమాటాలు పెడతారు, ఆఫ్రికా సైనికులకు లేవంటారు. ఒక కార్పొరల్ లేచి ఆ టమాటాల పెట్టెను కాళ్లతో తొక్కేస్తాడు. తూటా అందరికీ సమానమైతే టమాటా ఎందుకు కాదు, అంతే ఆ సినిమా.

అసలు సంగతి సినిమా బయట ఉంది. వలస దేశాలు స్వతంత్రం అవుతున్న కాలంలో, 1959లో, ఫ్రాన్స్ చట్టం చేసి ఆ సైనికుల పెన్షన్లను ఉన్నచోటే ఆపేసింది. ఫ్రెంచ్ సైనికుడికి ఏటేటా పెరిగింది, వీళ్లకు పెరగలేదు. దాదాపు యాభై ఏళ్లు ఎవరూ వినలేదు. ఈ సినిమా చూసి దేశాధ్యక్షుడు షిరాక్ కదిలినాడు. ఆ ఏడే ఆ సైనికుల పెన్షన్లను ఫ్రెంచ్ సైనికులతో సమానం చేస్తామని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికే ఎంతోమంది ముసలోళ్లు మట్టిలో కలిసిపోయినారు. అయినా ఒక సినిమా పెన్షన్ తెచ్చింది.

ఇప్పుడు కల్లితండా వైపు తిరగండి. 2022లో వచ్చిన అగ్నిపథ్ ప్రకారం అగ్నివీర్ సేవ నాలుగేళ్లు. అందులో 25 శాతానికి మించి కొనసాగించరు. పెన్షన్ లేదు. ప్రాణం పోతే బీమా, పరిహారం కింద ఒకసారి డబ్బు ఇస్తారు. రెగ్యులర్ సైనికుడి కుటుంబానికి జీవితాంతం వచ్చే పెన్షన్ మాత్రం అగ్నివీర్ కుటుంబానికి లేదు. ఒకే బంకర్, ఒకే తూటా, రెండు లెక్కలు. మరి ఆ ఉద్యోగానికి తెల్లవారుజామున రోడ్ల మీద పరుగెత్తేదెవరు? ధర్మవరం మగ్గాల మీద కూలి చాలనోళ్ల పిల్లలు, తండాల పిల్లలు, బెంగళూరు కూలికి పోయొచ్చినోళ్ల పిల్లలు. పెద్దపెద్ద కార్లలో తిరిగేవాళ్ల పిల్లల్ని ఆ పరుగులో నేనైతే చూడలేదు.

"సైన్యాన్ని రాజకీయం చేస్తున్నావు" అని ఎవరన్నా కామెంటు పెడతారు. పెట్టండి. సైనికుడి తల్లికి పెన్షన్ అడగడం సైన్యానికి అవమానమా, లేక టికెట్ కొని మూడు గంటలు అరిచి ఇంటికొచ్చి ఆ తల్లిని మర్చిపోవడం అవమానమా? "సినిమాను సినిమాగా చూడు" అని ఇంకొకరంటారు. ఫ్రాన్స్ అధ్యక్షుడు సినిమాను సినిమాగానే చూసింటే ఆ ముసలి సైనికులు పాత పెన్షన్‌తోనే పోయేవాళ్లు.

మురళీనాయక్ మీద రేపు ఎవరు సినిమా తీసినా నేను మొదటి ఆట చూస్తా. ఒకటే అడుగుతా. తండాను జెండా వెనక బొమ్మగా పెట్టొద్దు. ఆ యాడి ఏ భాషలో ఏడ్చిందో ఆ భాషలోనే వినిపించండి. చివరి సీన్ తుపాకుల వందనంతో ఆపొద్దు. మరుసటి నెల ఆ ఇంట్లో ఏం జరిగిందో చూపించండి.

అప్పటిదాకా మనం చేయగలిగింది ఉంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఒక ప్రొజెక్టర్, ఒక తెల్ల దుప్పటి, సేవాలాల్ గుడి ముందు కాస్త చోటు దొరికితే చాలు. నెలకో సినిమా వేద్దాం. మొదట కొమురం భీం, తర్వాత ఆందిజెన్. మాటలు అర్థం కాకపోతే పక్కన కూర్చుని గోర్ బోలిలో చెప్దాం. సినిమా అయినాక లైట్లు వేసి ఆ మూడు ప్రశ్నలు అడుగుదాం. అగ్నివీరులకు సమాన పెన్షన్ ఇవ్వాలని ఒక కాగితం రాసి, అక్కడే అందరి చేత సంతకాలు పెట్టించి, మన ఎమ్మెల్యేలకు, ఎంపీకి ఇద్దాం.

మన పెద్దోళ్లు ఎవరి యుద్ధానికో ఎద్దుల మీద ధాన్యం మోసినారు. మన పిల్లలు తుపాకులు మోస్తున్నారు. కథ కూడా మనమే మోద్దాం. దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చింది చాలు.

జై సేవాలాల్. జై ఆదివాసీ.