సంఘంలో జబ్బు మనిషి ఉంటే...

పొదుపు సంఘం కానివ్వండి, యువజన సంఘం కానివ్వండి, పదిమంది కలిసి కూర్చునే చోటు మనిషి ఆరోగ్యానికి మేలు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని ఆ సంస్థ అంచనా. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, దిగులు జబ్బు ఒంటరివాళ్ళకు వచ్చే అవకాశం ఎక్కువ.

అయితే ఒంటరితనమంటే ఇంట్లో ఒక్కరే ఉండడం అనుకోకండి. పదిమంది మధ్య కూర్చుని కూడా మనిషి ఒంటరి కావచ్చు. అరకు లోయ, అనంతగిరి, పాడేరు వైపు కొండ గ్రామాలలో నేను ఎక్కువగా చూసేది ఈ రెండో రకమే.

ఇక్కడ ఊరూరా మహిళా సంఘాలున్నాయి. 1982లో మొదలైన డ్వాక్రా పథకం పేరే ఈనాటికీ వాటికి వాడుకలో నిలిచిపోయింది. ఆడవాళ్ళు వేళకు కూర్చుంటారు, పొదుపు కడతారు, అప్పుల లెక్క చూసుకుంటారు. అంతవరకూ బాగానే ఉంటుంది. కాని సభ్యురాలికి క్షయ అని తెలిసిందా, మర్నాటి నుంచి ఆమె చాప వేరు, టీ గ్లాసు వేరు.

ఒక గ్రామంలో ముప్పై ఏళ్ళ ఇల్లాలు రెండు నెలలు క్షయ మందులు వాడి మానేసింది. "ఎందుకు మానేశావమ్మా?" అని అడిగాను. "బిళ్ళలు మింగుతుంటే జబ్బుందని అందరికీ తెలిసిపోతోంది బాబూ. మానేస్తే సంఘంలో మళ్ళీ దగ్గర కూర్చోనిస్తారు" అంది. చూశారా! వేరుగా పెట్టిన ఒక్క గ్లాసు ఆమె చేత మందు మానిపించింది. క్షయ మందు మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, అవి ఇతరులకూ అంటుకుంటాయి. అంటే ఏ భయంతో ఆమెను దూరం పెట్టారో ఆ ప్రమాదాన్నే సంఘం కొని తెచ్చుకుంటోందన్నమాట. ఆమె సరేనన్న తర్వాతనే సంఘం వాళ్ళతో మాట్లాడాను. మళ్ళీ కళ్ళె పరీక్ష చేయించి, మందు పూర్తి చేయించాము.

అంచేత ఏ జబ్బు ఎలా వస్తుందో సభ్యులంతా తెలుసుకోవాలి.

క్షయ: ఇది గాలి ద్వారా, దగ్గు తుంపర్ల ద్వారా వస్తుంది. గ్లాసు వల్లా, కంచం వల్లా, బట్టల వల్లా రాదు. మామూలు క్షయకు సరైన మందు పడితే కొన్ని వారాలలోనే ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. అయినా మొత్తం ఆరు నెలలూ మందు వాడవలసిందే. దగ్గే మనిషి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి. సమావేశం మూసిన గదిలో కాక అరుగు మీదో, చెట్టు కిందో పెట్టుకుంటే అందరికీ మంచిది. రెండు వారాలు దాటి దగ్గు ఉన్నవాళ్ళు పరీక్ష చేయించుకోవాలి. వైద్యం ఉచితం. తిండి కోసం ప్రభుత్వం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేది, 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేసింది.

కుష్ఠు: చేయి తగిలితే వచ్చేది కాదు. చాలామంది ఒంటికి దాన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. ఆరు నెలలో, సంవత్సరమో మందు వాడితే నయమవుతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది కాలానికే అంటించే గుణం పోతుంది. భార్యకో భర్తకో కుష్ఠు ఉందన్న కారణంతో విడాకులు కోరే వీలు లేకుండా 2019లో చట్టాలనే సవరించారు. చట్టం మారింది, సంఘం చాప మారకపోతే ఎలా?

సికిల్ సెల్: గిరిజన ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే ఈ రక్తపు జబ్బు అంటువ్యాధే కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ, ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బవుతుంది. చలి, ఒంట్లో నీరు తగ్గడం, విపరీతమైన శ్రమ వల్ల కీళ్ళలో, ఎముకలలో భరించలేని నొప్పి పుడుతుంది. మన శీతాకాలం సంగతి చెప్పనక్కరలేదు గదా! అలాంటి మనిషి సమావేశానికి రాలేదంటే అది సోమరితనం కాదు. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద 40 ఏళ్ళలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. మీ సభ్యుల చేత చేయించండి.

ఇక సంఘం పాటించవలసినవి చెబుతాను.

అందరికీ ఒకే చాప, ఒకే రకం గ్లాసు. వాడిన గ్లాసులన్నీ శుభ్రంగా కడగండి, అది ఎప్పుడూ చేయవలసిన పనే.

ఒకరి జబ్బు పేరు సమావేశంలో చదవకండి. చెప్పాలో వద్దో ఆ మనిషి ఇష్టం.

జబ్బు వల్ల రాలేనివారికి జరిమానా వేయకండి. పొదుపు సొమ్ము మరొకరి చేత పంపించే ఏర్పాటు చేయండి.

కువి, గదబ, ఆదివాసీ ఒరియా మాట్లాడే వాళ్ళను వాళ్ళ భాషలోనే చెప్పనివ్వండి. తెలుగు తడబడితే నవ్వకండి. నవ్వినచోట నోరు విప్పనివాళ్ళు ఆసుపత్రికి వచ్చీ నొప్పి ఎక్కడో చెప్పరు.

కొత్తగా చేరినవారిని, కొత్త కోడళ్ళను వరస పెట్టి పిలిచి మధ్యలో కూర్చోబెట్టండి. గుమ్మం దగ్గర వదిలేయకండి.

ఆసుపత్రికి వెళ్ళే సభ్యురాలికి ఒకరు తోడు వెళ్ళండి. ఆరు నెలలు బిళ్ళలు మింగడం ఒక్కరికి బరువు. "ఇవాళ వేసుకున్నావా వదినా?" అని అడిగేవాళ్ళుంటే ఆ బరువు సగమవుతుంది.

థింసా ఆడేటప్పుడు వీపు వెనక చేతులు కలిపి పట్టుకుంటారు గదా, అక్కడ ఎవరు ఏ జబ్బు మనిషని చూడరు. సంఘంలోనూ అలాగే ఉండండి. ఈసారి సమావేశంలో ఎవరు రావడం మానేశారో పుస్తకం తిప్పి చూడండి. మర్నాడు ఇద్దరు కలిసి వాళ్ళింటికి వెళ్ళి, బాకీ సంగతి ఎత్తకుండా, ముందు ఒంట్లో ఎలా ఉందో అడగండి.