చదువుల ఒత్తిడి – శాస్త్రదృష్టి

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన మరునాడు ఆంధ్రప్రదేశ్‌లోనైనా, తెలంగాణలోనైనా దినపత్రికలు ఒకే తీరుగా కనిపిస్తాయి. మొదటి పుటల నిండా అత్యధిక మార్కులు సాధించిన విద్యార్థుల ఛాయాచిత్రాలు, వారిని తమవారిగా చెప్పుకొనే కళాశాలల ప్రకటనలు ఉంటాయి. లోపలి పుటలో ఏదో ఒక మూల, పరీక్ష తప్పిన వేదనలో ప్రాణం కోల్పోయిన ఒక బిడ్డను గురించిన చిన్న వార్త ఉంటుంది. మొదటి పుటను చూసి మురిసే సమాజం లోపలి పుటను చూసి ఒక్క క్షణం నిట్టూర్చి ముందుకు సాగిపోతుంది. ఆ నిట్టూర్పుతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు. బిడ్డలు ఎట్లా నేర్చుకుంటారు? ఒత్తిడి వారిని ఏం చేస్తుంది? ఒక పరీక్షను బట్టి ఒక మనిషిని తూచవచ్చునా? ఈ ప్రశ్నలకు ఆవేశంతో కాక ఆలోచనతో సమాధానం వెతకాలి. అందుకు తోడ్పడే శాస్త్రం మనస్తత్వశాస్త్రం.

జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ 1879లో ప్రయోగశాలను నెలకొల్పడంతో మనస్తత్వశాస్త్రం ప్రత్యేక శాస్త్రంగా రూపుదిద్దుకున్నదని చెబుతారు. అంతకు పూర్వం మనస్సును గురించి ఆలోచించినవారు లేరని దీని అర్థం కాదు. తత్త్వవేత్తలు, కవులు వేల ఏండ్లుగా మనస్సు లోతులను తరచిచూశారు. కొత్తగా వచ్చిన మార్పు ఒక్కటే. చెప్పినవారు ఎంత పెద్దవారైనా, చెప్పిన మాటను పరీక్షకు నిలబెట్టాలన్న నియమం ఏర్పడింది. పరిశీలన, పోలిక, ప్రయోగం అనే మూడు సాధనాలు ఈ శాస్త్రానికి మూలబలం.

ఈ సాధనాలతో ఫలితాల నాటి ప్రకటనలను ఒకసారి పరీక్షించి చూడవచ్చు. ఒక కళాశాల ఇరవైమంది విద్యార్థుల చిత్రాలను అచ్చువేసి, తమ శిక్షణ వల్లనే వారు విజయం సాధించారని చాటుకుంటుంది. అదే శిక్షణ పొందినవారు మొత్తం ఎందరు? వారిలో వెనుకబడినవారు ఎందరు? ఆ ఇరవైమంది కళాశాలలో చేరేనాటికే చదువులో ముందున్నవారు కారా? ఆ ప్రకటనలో వీటికి సమాధానం ఉండదు. గెలిచినవారిని మాత్రమే చూపి, ఓడినవారిని దాచిపెట్టే లెక్క శాస్త్రం ముందు లెక్కే కాదు. ప్రతిభావంతులను ఏరి ప్రత్యేక తరగతిలో కూర్చోబెట్టి, తరువాత వారి విజయానికి తరగతి గదే కారణమనడం, పండిన మామిడిపండ్లను బుట్టలోకి ఏరుకొని బుట్టే వాటిని పండించిందని చెప్పడం వంటిది. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణం కాదన్నది పరిశోధనకు తొలి పాఠం. లక్షల రూపాయల రుసుము చెల్లించే ముందు ప్రతి తల్లి, ప్రతి తండ్రి నేర్చుకోవలసిన పాఠం కూడా ఇదే.

ఇక అభ్యాసం సంగతి. తెల్లవారకముందే లేచి రాత్రి పొద్దుపోయేవరకు పుస్తకం వల్లెవేస్తేనే చదువు వస్తుందన్న నమ్మకం తెలుగునాట బలంగా వేళ్లూనుకొని ఉంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకొని 1885లో ఫలితాలను ప్రకటించాడు. అర్థంలేని అక్షర సముదాయాలను కంఠస్థం చేసి, కొంత కాలం గడిచాక వాటిని తిరిగి నేర్చుకోవడానికి ఎంత శ్రమ పడుతున్నదో కొలిచాడు. ఒక్క రోజు గడిచేసరికి మొదటి శ్రమలో సుమారు మూడవ వంతు మాత్రమే ఆదా అవుతున్నదని తేలింది. అంటే నేర్చినదానిలో ఎక్కువ భాగం ఒక్క రోజులోనే చేజారిపోతున్నదన్నమాట. ఒకే బిగిన పదేపదే వల్లించడం కంటె, రోజుల ఎడం ఇచ్చి మననం చేసుకుంటే తక్కువ శ్రమతో నిలుస్తుందని కూడా ఆయన గమనించాడు.

అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ప్రకటించిన ప్రయోగం మరొక సత్యాన్ని వెల్లడించింది. ఒక పాఠాన్ని చదివిన విద్యార్థులలో కొందరు దానిని మళ్లీ చదివారు. మరికొందరు పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారికి 81 శాతం, గుర్తుతెచ్చుకొని రాసినవారికి 75 శాతం జ్ఞాపకం ఉంది. వారం తరువాత పరీక్షిస్తే పరిస్థితి తారుమారైంది. మళ్లీ చదివినవారికి 42 శాతమే మిగలగా, గుర్తుతెచ్చుకొని రాసినవారికి 56 శాతం నిలిచింది. పరీక్ష అనేది మార్కుల కోసం చేసే తీర్పు మాత్రమే కాదనీ, భయం లేకుండా జరిగితే అదే ఒక మంచి అభ్యాస సాధనమనీ దీనివల్ల తెలుస్తున్నది. అటువంటి సాధనాన్ని బెత్తంగా మార్చడం విచారకరం.

ఒత్తిడి లేకపోతే పిల్లలు చదవరని వాదించేవారున్నారు. ఆ వాదంలో కొంత నిజం లేకపోలేదు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగం చేసి, కష్టమైన పనిని నేర్పేటప్పుడు మితమైన ప్రేరణ మేలు చేస్తుందనీ, అది మితిమీరితే అభ్యాసం కుంటుపడుతుందనీ గుర్తించారు. ఎలుకలలో కనిపించినది మనుషులకు యథాతథంగా వర్తిస్తుందని అనుకోరాదు. అయినా అతి సర్వత్రా వర్జనీయమన్న పెద్దల మాటకు అది బలం చేకూర్చింది. శరీరం దీర్ఘకాలం ఒత్తిడికి లోనైతే ఏమవుతుందో హాన్స్ సెలీ 1936 నుండి చేసిన పరిశోధనలలో వివరించాడు. మొదట శరీరం ఉలిక్కిపడి మేల్కొంటుంది. తరువాత ప్రతిఘటిస్తుంది. ఒత్తిడి ఎంతకూ తొలగకపోతే చివరకు శక్తి ఉడిగి సోలిపోతుంది. పరీక్షకు ముందు కొద్దిగా గుండె దడదడలాడడం మొదటి దశకు చెందినది. రెండేండ్ల పాటు సరైన నిద్ర, ఆట, ఇంటి మాట లేకుండా గడపడం బిడ్డను మూడవ దశకు చేరువ చేసే మార్గం.

ఒత్తిడి బయటి పరిస్థితిలో మాత్రమే ఉండదు. మనిషి ఆ పరిస్థితిని ఎట్లా అంచనా వేసుకుంటున్నాడన్నదే కీలకమని రిచర్డ్ లాజరస్, సూజన్ ఫోక్‌మన్ 1984లో తమ గ్రంథంలో ప్రతిపాదించారు. ఒకే ప్రశ్నపత్రం ఒకరికి సవాలుగా, మరొకరికి ప్రాణసంకటంగా కనిపిస్తుంది. "ఈ పరీక్ష పోతే మళ్లీ రాయవచ్చులే నాన్నా" అన్న మాట విన్న బిడ్డ అంచనా ఒక తీరుగా ఉంటుంది. "పరువు తీశావు" అన్న మాట విన్న బిడ్డ అంచనా మరొక తీరుగా ఉంటుంది. ప్రశ్నపత్రాన్ని మార్చడం తల్లిదండ్రుల చేతిలో లేదు. ఇంట్లో మాట్లాడే మాటను మార్చడం వారి చేతిలోనే ఉంది.

మూర్తిమత్వం విషయంలోనూ తొందరపాటు తీర్పులు తగవు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా" అన్న సామెతను ఆధారం చేసుకొని పదహారేండ్ల బాలుని మొద్దు అనీ, సోమరి అనీ ముద్రవేసేవారు ఎందరో ఉన్నారు. బ్రెంట్ రాబర్ట్స్, ఆయన సహచరులు మనుషులను ఏండ్ల తరబడి పరిశీలించిన 92 నమూనాల ఫలితాలను క్రోడీకరించి 2006లో ప్రకటించారు. బాధ్యతాయుత ప్రవర్తన, భావోద్వేగాల నిలకడ యౌవనంలోనూ, ఆ తరువాతి ఏండ్లలోనూ పెంపొందుతాయని అందులో తేలింది. పదహారేండ్ల వయస్సులో మనిషి పూర్తయిన శిల్పం కాదు. ఉలి ఇంకా ఆడుతూనే ఉంటుంది. అటువంటి దశలో వేసిన ముద్ర శాస్త్రసమ్మతం కాదు, ధర్మసమ్మతం అంతకన్నా కాదు.

1967లో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మైయర్ చేసిన ప్రయోగం ఇక్కడ ప్రస్తావించదగినది. తప్పించుకోవడానికి వీలులేని విద్యుదాఘాతాలకు గురైన కుక్కలలో అనేకం, తరువాత దారి దొరికినప్పుడు కూడా తప్పించుకోవడానికి ప్రయత్నించలేదు. ఆఘాతాన్ని తామే ఆపగలిగిన కుక్కలు మాత్రం తరువాతి పరీక్షలో చురుకుగా తప్పించుకున్నాయి. మూగజీవాల మీద ఇటువంటి ప్రయోగాలు చేయడం బాధాకరమే. మొదటివి నిస్సహాయతను నేర్చుకున్నాయని ఆ శాస్త్రవేత్తలు అప్పట్లో భావించారు. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 2016లో, మెదడును గురించిన కొత్త పరిశోధనల వెలుగులో తమ సిద్ధాంతాన్ని వారే సవరించుకున్నారు. ఎడతెగని బాధలో చతికిలబడడం నేర్చుకున్నది కాదనీ, అది మెదడుకు సహజమైన స్పందన అనీ, పరిస్థితి తన అదుపులో ఉందన్న ఎరుకనే ప్రాణి నేర్చుకుంటుందనీ వివరించారు. తన పొరపాటును తానే దిద్దుకొనే వినయం శాస్త్రానికి అలంకారం. తాము ఎంచుకున్న మార్గం తప్పు కావచ్చునని ఒప్పుకోవడానికి పెద్దలు కూడా సిద్ధపడాలి. ఏ చదువు చదవాలో, ఏ వేళ చదవాలో, ఎప్పుడు విశ్రమించాలో నిర్ణయించుకోవడంలో బిడ్డకు కొంత భాగమైనా ఇస్తేనే అదుపు తనదన్న ఎరుక కలుగుతుంది.

తల్లిదండ్రులను మాత్రమే నిందించడం సబబు కాదు. ఎకరం పొలం అమ్మి కొడుకును వసతిగృహంలో చేర్చిన రైతుకు, కూలిపని చేసి కూతురిని చదివిస్తున్న తల్లికి చదువు ఒక్కటే పేదరికం నుండి బయటపడే ద్వారంగా తోస్తుంది. వారి భయం నిజమైనది. కాని వారి ఆశయం నెరవేరాలంటే ముందుగా బిడ్డ క్షేమంగా ఉండాలి, నేర్చినది బిడ్డకు నిలవాలి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆత్మహత్యకు ఒక్క కారణమే ఉండదు. అనారోగ్యం, కుటుంబ కలహాలు, ఒంటరితనం వంటివి అనేకం పెనవేసుకొని ఉంటాయి. కనుక ఈ సంఖ్య మొత్తాన్ని పరీక్షలకే అంటగట్టడం కూడా శాస్త్రదృష్టి అనిపించుకోదు. అయితే నివారించదగిన కారణం ఒక్కటి కనిపించినా దానిని నివారించకపోవడం నేరమే అవుతుంది.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. కళాశాలలు నిద్రకు, ఆటకు వేళలు కేటాయించాలి. మార్కులు ప్రకటించని చిన్నచిన్న పరీక్షలతో అభ్యాసాన్ని బలపరచాలి. తమ ఫలితాలను ప్రకటించదలిస్తే చేరినవారి మొత్తం సంఖ్యను కూడా ప్రకటించాలి. బిడ్డ ముభావంగా మారినా, నిద్రాహారాలు మానినా, బతకాలని లేదని ఒక్కసారి అన్నా, దానిని నటనగా కొట్టిపారేయకుండా పక్కన కూర్చొని వినాలి. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరుకు ఫోన్ చేసి పొందవచ్చునని ప్రతి విద్యార్థికి తెలియజేయాలి. జ్వరం వస్తే వైద్యుని వద్దకు వెళ్లడానికి సిగ్గుపడని సమాజం, మనస్సు నలిగినప్పుడు సాయం కోరడానికి సిగ్గుపడవలసిన పనిలేదు.

తప్పిన పరీక్షను మళ్లీ రాయవచ్చు. తక్కువైన మార్కులను మరొకసారి రాసి పెంచుకోవచ్చు. పోయిన ప్రాణానికి మాత్రం సప్లిమెంటరీ పరీక్ష లేదు. ఈ సత్యాన్ని ఫలితాలు వచ్చిన తరువాత కాక, రాకముందే ప్రతి ఇంట్లో, ప్రతి తరగతిలో ప్రేమతో చెప్పగలిగిననాడు దినపత్రికలోని ఆ లోపలి పుటలో అటువంటి వార్తకు చోటుండదు.