చెయ్యి దూరని చోట స్పార్క్ ప్లగ్గు

మంజీర ఒడ్డున ఉన్న బీర్కూర్‌లో స్పార్క్ ప్లగ్గు విప్పడం రాని రైతు అరుదు. టీవీఎస్ ఎక్సెల్ పొలం గట్టు మీద మొరాయిస్తే ప్లగ్ పానా తీసి, ప్లగ్గు విప్పి, మసిని గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బిగించి నడిపిస్తారు. మందు కొట్టే పెట్రోలు పంపుకూ అదే వైద్యం. ఆ చేతులే ఇంటి ముందున్న ఎస్‌యూవీ బానెట్ ఎత్తితే ప్లగ్గు జాడే కనబడదు. ఇది బండి గీసినవాళ్ల తప్పు.

పెద్ద బండికి ఈ చిక్కు కొత్తగా వచ్చిందే. మంజీర తీరాన నిన్నమొన్నటి దాకా ఇంటి బండి అంటే బొలేరో, ఇన్నోవా, ఎక్కువగా డీజిలే. డీజిల్ ఇంజనులో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది, స్పార్క్ ప్లగ్గు అక్కర్లేదు. మెకానిక్కులు హీటర్ ప్లగ్గు అనేది చల్లటి ఇంజను స్టార్టు కావడానికి సాయపడేదే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు అమలులోకి రావడంతో మారుతి డీజిల్ కార్లు మానేసింది. బ్రెజా ఆ ఫిబ్రవరిలోనే పెట్రోలు ఇంజనుకు మారింది. స్పార్క్ ప్లగ్గు అలా ఎస్‌యూవీతో పాటు వాకిట్లోకి వచ్చింది.

ముందు చక్రాలు లాగే బండ్లలో ఇంజను అడ్డంగా, క్యాబిన్ వైపు గోడకు ఆనుకున్నట్టు కూర్చుంటుంది. ప్లగ్గు లోతైన గుంతలో ఉంటుంది, దాని మీద ఇగ్నిషన్ కాయిల్. కొన్ని బండ్లలో వైపర్ల కింది ప్లాస్టిక్ పలక, గాలి పైపు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ వరకూ విప్పాలి. అమెరికాలో ఎన్నో కుటుంబాలు నడిపే టొయోటా హైల్యాండర్ వీ6లో ఆరు ప్లగ్గుల్లో మూడు ఆ గోడ వైపే ఉంటాయి. లక్షా 20 వేల మైళ్లకు ఒకసారి మార్చే వస్తువుకు చోటు దండగన్నది తయారీదారుల లెక్క. ఈ లెక్క చెల్లదు. మిస్సింగ్ గడువు చూసుకుని రాదు. కాయిల్ పోయినా విప్పాల్సింది ఆ చోటే.

చోటు దాచడం ఒక ఎత్తు, సమాచారం దాచడం ఇంకో ఎత్తు. విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు, పరీక్షించే పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వలేదని 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2022 డిసెంబరులో కేంద్రం మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది, కార్లనూ అందులో చేర్చింది. మంచి పనే. కానీ ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే పుస్తకం తెలుగులో చేతికి రానంతకాలం బీర్కూర్ రైతుకు ఆ హక్కు సగమే దక్కినట్టు.

ఈలోగా ఆ ఇరుకులోనే ప్లగ్గు మార్చుకోవాలంటే, పని మొదలుపెట్టే ముందు ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు మరలు ఊడి రావచ్చు. బ్యాటరీ మైనస్ వైరు తీసేయాలి. మానిఫోల్డ్ విప్పాల్సి వస్తే తెరుచుకున్న రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కాలి. ఒక్క నట్టు లోపల పడితే ఇంజనే విప్పాలి. మానిఫోల్డ్ తిరిగి బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వేయాలి.

ఈ ప్రాంతంలో అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది దుబ్బతోనే. ఇసుక ట్రాక్టర్ల వెనక, వరి కోతల్లో హార్వెస్టర్ల వెనక నడిచిన బండి కదా. కాయిల్ లాగి టార్చి వేసి చూస్తే ప్లగ్గు చుట్టూ ఇసుక రేణువులు, వరి పొట్టు పేరుకుని ఉండొచ్చు. దాన్ని గాలితో ఊదాకే పానా పెట్టాలి. లేకుంటే ప్లగ్గు కదిలిన మరుక్షణం అదంతా సిలిండర్‌లోకి జారుతుంది.

కొత్త ప్లగ్గును పానాతో మొదలుపెట్టకూడదు. జానెడు రబ్బరు పెట్రోలు పైపు ముక్కను ప్లగ్గు పై కొసకు తొడిగి, గుంతలోకి దించి, వేళ్లతో తిప్పాలి. మర వంకరగా పడితే పైపు జారిపోతుంది, హెడ్డు బతుకుతుంది. వాషరున్న కొత్త 14 మిల్లీమీటర్ల ప్లగ్గును చేత్తో బిగిసేదాకా తిప్పి, ఆపైన అర నుంచి మూడింట రెండు చుట్లు పానాతో తిప్పితే చాలు. టార్క్ పానా ఉంటే, అల్యూమినియం హెడ్డుకు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. సన్న ప్లగ్గులకు బిగింపు ఇంకా తక్కువ. ఆ బండి పుస్తకం చెప్పిందే ఖాయం. ఇరిడియం ప్లగ్గు మొనను గరుకు కాగితంతో తాకకూడదు. ఎక్సెల్ అలవాటు ఇక్కడ పనికిరాదు.

పాత ప్లగ్గులను విప్పిన వరుసలోనే ఒక అట్ట మీద పేర్చాలి. మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పడితే పెట్రోలు ఎక్కువ పోతోందని అనుమానించాలి. ఒక్కటి మాత్రం నూనెతో తడిసి ఉంటే ఆ సిలిండర్‌లోకి ఆయిల్ దిగుతోందేమో చూడాలి. అప్పుడు ఆ ప్లగ్గు ఎన్నో సిలిండర్‌దో రాసిపెట్టుకుని బాన్సువాడ మెకానిక్‌కు చూపించాలి.